ఉడుకునీళ్ల పంచాయితీ

కిందటి దీపావళికి పిల్లలతో సహా నల్గొండకు, అమ్మ దగ్గరికి వెళ్లాం. మా వైపు నరక చతుర్దశి అంటే తెల్లవారుజామున హారతులు. పొద్దు పొడవకముందే ఇంటిల్లిపాదీ నూనె పెట్టుకుని, తలస్నానాలు చేసి, కొత్తబట్టలు కట్టుకుని పీటల మీద కూర్చోవాలి. ఆడబిడ్డలు హారతి పళ్లెం తిప్పాలి. అక్కా బావా పిల్లలు మహబూబ్‌నగర్ నుంచి ముందురోజే దిగారు. అందరం కలిసి పదకొండు మందిమి.

అన్నావదినలు ఉండేది మేడ మీద. అక్కడి స్నానాలగదిలో అన్న ఆ ఏడాదే ఇన్‌స్టంట్ గీజరు పెట్టించాడు. 'నల్లా తిప్పితే చాలు, ఉడుకునీళ్లు. కాగేదాకా కూసునే పనే లేదు' అని రాత్రి భోజనాల దగ్గర ఒకటే గొప్పలు. బావ ఊరుకుంటాడా? 'మా ఇంట్ల ఇరవై అయిదు లీటర్ల స్టోరేజి. పెద్ద డబ్బా ఉంటేనే ఇల్లు. నీది చేతులు కడుక్కునేటందుకు పనికొస్తది' అన్నాడు.

తెల్లవారి నాలుగింటికి అసలు పరీక్ష మొదలైంది. మొదటి బకెట్టు నిండేసరికి పావుగంట. నల్లా పెద్దగా తిప్పితే చల్లటినీళ్లు, సన్నగా తిప్పితే దారమంత ధార. 'ఏంది బావమరిదీ, నీళ్లు తూకానికి అమ్ముతున్నవా?' అని బావ బయటనుంచి ఒకటే ఎత్తిపొడుపు. ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద ముల్లు చూస్తే 180 దగ్గర ఊగుతోంది. వీధిలో అందరి గీజర్లూ ఒకేసారి పెట్టారు కాబోలు.

నాలుగున్నరకు కింద పెరట్లోనుంచి పొగ వాసన వచ్చింది. దిగి చూస్తే అమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద రాగి కాగు పెట్టి కట్టెలు ఎగదోస్తోంది. అప్పటికే నీళ్లు సలసలమంటున్నాయి. 'పిల్లలను పంపియ్యుండ్రి. మీ మిషిన్లు తెల్లారేదాక కొట్లాడుకోనియ్యి' అంది. పొద్దుపొడుపు వేళకు పదకొండు మందిమీ పీటల మీద ఉన్నాం. గీజరు నీళ్లు దక్కింది మొదటి ఇద్దరికే. మిగతావన్నీ అమ్మ కాగువే.

హారతులయ్యాక టిఫిన్ల దగ్గర మళ్లీ అదే పంచాయితీ. చివరికి అన్న నావైపు తిరిగి, 'పేపర్ల ఊరందరికీ చెప్తవు గదా, నువ్వే చెప్పు. ఏది మంచిది?' అన్నాడు. నేను నవ్వి ఊరుకుందామనుకున్నాను. అప్పుడు వదిన నెమ్మదిగా ఓ మాట చెప్పింది. కిందటి చలికాలంలో అమ్మ కింది స్నానాలగదిలో బకెట్టులో కరెంటు రాడ్డు పెట్టుకుని, నీళ్లు కాగాయో లేదోనని స్విచ్చి ఆపకుండానే వేలు పెట్టిందట. ఝల్లుమని గోడకు వెళ్లి కొట్టుకుందట. నడుము పట్టేసి నాలుగు రోజులు లేవలేదట. మాకెవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుందట.

ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. మోకాళ్ల నొప్పులతో అమ్మ మేడ ఎక్కలేదు. రోజూ కట్టెల పొయ్యి వెలిగించి మరిగే నీళ్లు మోయలేదు. అందుకే రాడ్డు. ఇంట్లో అందరికన్నా ఉడుకునీళ్ల అవసరం ఎక్కువున్న మనిషికే అన్నిటికన్నా ప్రమాదమైన సాధనం మిగిల్చాం. అందుకని ఈ వారం పంచాయితీ తీర్పు మనింటికే. కానీ లెక్క అందరిదీ.

నీళ్లకు తెలిసిన లెక్క ఒక్కటే

లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకాలరీ వేడి కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలోకాలరీల వేడి ఉంటుంది. కట్టెలైనా, గ్యాసైనా, కరెంటైనా నీళ్లు అడిగే వేడి అంతే. చలికాలం తెల్లవారి ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకుందాం. మనం పోసుకునేందుకు 40 డిగ్రీలు చాలు. బకెట్టు 15 లీటర్లనుకుంటే 300 కిలోకాలరీలు, అంటే యూనిట్‌లో మూడోవంతు కన్నా కాస్త ఎక్కువ, 0.35 యూనిట్.

మరి ఇన్‌స్టంట్‌కు కరెంటు ఎక్కువ కాలుతుందని, స్టోరేజికి తక్కువని (కొందరు తిరగేసి) చెబుతారే? రెండూ పూర్తి నిజాలు కావు. బకెట్టు నీళ్లకు రెండూ ఒకే 0.35 యూనిట్ తాగుతాయి. తేడా ఎంత సేపట్లో తాగుతాయన్నది, తాగిన వేడిని ఎంతసేపు దాచుకుంటాయన్నది.

మామూలు ఇన్‌స్టంట్ గీజరు 3 కిలోవాట్లది. లోపల ఒకటి నుంచి మూడు లీటర్ల చిన్న పాత్రే ఉంటుంది. నీళ్లు పోతూ పోతూ వేడెక్కాలి. సరిగ్గా 230 వోల్టులు అందితే ఒక బకెట్టుకు ఏడు నిమిషాలు పడుతుంది. అంటే నిమిషానికి రెండు లీటర్లకు కొంచెం పైన. అంతకన్నా పెద్ద ధార కావాలంటే వేడి తగ్గుతుంది. అది గీజరు లోపం కాదు, లెక్క అంతే.

స్టోరేజి గీజరు సాధారణంగా 2 కిలోవాట్లది. పదిహేను లీటర్ల డబ్బాను 20 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 0.7 యూనిట్, సుమారు 21 నిమిషాలు పడుతుంది. ఆ 15 లీటర్లలో మరో 15 లీటర్ల చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు రెండు బకెట్లు. ఇరవై అయిదు లీటర్లదైతే 35 నిమిషాలాగాలి, మూడు బకెట్లకు పైగా వస్తాయి. ఆ తర్వాత మళ్లీ ఆగాలి. కాబట్టి పదకొండు మంది వరసగా నిలబడితే బావ గీజరూ నెగ్గేది కాదు. ఆ మాట ఆయనకు చెబితే ఫోన్ పెట్టేశాడు.

మరి అమ్మ కాగు ఎలా నెగ్గింది? అందులో దాదాపు 50 లీటర్లు పడతాయి. నీళ్లు 90 డిగ్రీల దాకా మరిగాయి. ఒక్కో చెంబు మరిగే నీళ్లకు రెండున్నర చెంబుల చన్నీళ్లు కలిపినా 40 డిగ్రీలే వస్తుంది. అంటే మొత్తం 175 లీటర్లు. పదకొండు బకెట్లు నిండి ఇంకా మిగులుతాయి. ఎంతమందికి ఎన్ని కట్టెలో అమ్మ ఏ పుస్తకమూ చూడలేదు. కాకపోతే మూడు రాళ్ల పొయ్యిలో వేడి చాలామటుకు గాలికే పోతుంది. ఆ పొగంతా ఆమె కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పండగనాడు సరే గానీ రోజూ కాదు.

వోల్టేజి పడితే ఏమవుతుంది?

ఇది మన ఊళ్లకు ముఖ్యమైన సంగతి. షాపులో ఎవరూ చెప్పరు. హీటరు ఇచ్చే వేడి వోల్టేజితో పాటు తిన్నగా తగ్గదు, దాని వర్గం ప్రకారం తగ్గుతుంది. 230 ఉండాల్సినచోట 180 వోల్టులే వస్తే వోల్టేజి తగ్గింది అయిదోవంతు. కానీ వేడి తగ్గేది అయిదింట రెండు వంతులు. అన్న గీజరు పేరుకు 3 కిలోవాట్లు, ఆ తెల్లవారుజామున పనిచేసింది 1.84 కిలోవాట్లే. ఏడు నిమిషాల బకెట్టు పదకొండు నిమిషాలు దాటింది. మధ్యలో ధార పెంచుతూ తగ్గిస్తూ చేసిన కుస్తీతో పావుగంట అయింది.

స్టోరేజి గీజరుకూ వోల్టేజి దెబ్బ తగులుతుంది. కానీ అది మనం స్నానానికి వెళ్లకముందే తన పని తాను చేసుకుంటుంది. ఇరవై ఒక్క నిమిషాల పని ముప్పై నాలుగు నిమిషాలవుతుంది, అంతే. నీళ్లు మాత్రం నిండు వేడితోనే దొరుకుతాయి. అందుకే ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర ఉండే ఇళ్లకు స్టోరేజే నయం. పట్నంలో వోల్టేజి నిలకడగా ఉండి, ఇంట్లో ఇద్దరే ఉంటే ఇన్‌స్టంట్ హాయి.

అసలు విలన్ బోరు నీళ్లు

నల్గొండ, మహబూబ్‌నగర్ నేల కింద ఉన్నది గట్టి నల్లరాయి, గ్రానైటు. వాన నీరు ఆ రాతి పగుళ్లలో ఏళ్లతరబడి నిలిచి, రాతిలోని లవణాలను కరిగించుకుంటుంది. మనం లోతుకు బోరేసి తోడేది ఆ నీళ్లనే. కందిపప్పు ఎంతకీ ఉడకదు, సబ్బు నురగ రాదు, స్టీలు బిందె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఈ మూడూ కనబడితే పరీక్ష చేయించకుండానే మీ నీళ్లు కఠినజలమని చెప్పొచ్చు. తాగేనీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది. వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు.

ఇలాంటి నీళ్లను వేడి చేస్తే అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ విరిగి సున్నపురాయిగా మారి పేరుకుంటుంది. అది పేరుకునేది కూడా సరిగ్గా ఎక్కడ వేడి ఎక్కువుంటే అక్కడే, హీటరు కడ్డీ మీద. ఆ పొర దుప్పటి లాంటిది. వేడిని నీళ్లలోకి పోనివ్వదు. కడ్డీ లోలోపలే కాగి కాగి ఒకరోజు పగిలిపోతుంది. నీళ్లు 60 డిగ్రీలు దాటిన కొద్దీ పొర మరీ జోరుగా కడుతుంది.

ఇన్‌స్టంట్ గీజరులో పాత్ర చిన్నది, దారులు సన్నవి. పెచ్చులు నిలవడానికి చోటుండదు కనుక త్వరగా మూసుకుపోతుంది. స్టోరేజిలోనూ సున్నం పడుతుంది గానీ పెచ్చులు అడుగుకు దిగుతాయి. ఏడాదికోసారి మెకానిక్కు విప్పి, కడ్డీని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి శుభ్రం చేస్తే మళ్లీ పనిచేస్తుంది. డబ్బా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది. దాని పని తాను అరిగిపోతూ డబ్బాను తుప్పు నుంచి కాపాడటం. అది అరిగిపోయిందో లేదో ఆ సర్వీసింగులోనే చూపించమనండి. కఠినజలం వాడే ఇళ్లలో ఆ కడ్డీ మార్పించక చిల్లులు పడే డబ్బాలే ఎక్కువ. కొనేటప్పుడు లోపలివైపు గాజుపూత ఉన్న డబ్బాను అడగండి.

అన్నిటికన్నా మంచి ఉపాయం మరొకటుంది. ఇంట్లో రెండు రకాల నీళ్లు వస్తుంటే గీజరుకు నల్లా నీళ్లే కలపండి. నల్గొండ పట్నానికి పానగల్లు ఉదయసముద్రం నుంచి, మహబూబ్‌నగర్‌కు రామన్‌పాడు నుంచి వచ్చేది కృష్ణ నీళ్లు. బోరు నీళ్లంత బరువుండవు. మిషన్ భగీరథ నల్లా ఉన్న పల్లెల్లోనూ అంతే. చాలా ఇళ్లలో బోరు నీళ్లూ నల్లా నీళ్లూ ఒకే ట్యాంకులో కలిపేస్తున్నారు. మేడ మీద ఒక చిన్న ట్యాంకు వేరుగా పెట్టి దాన్ని గీజరుకు కలిపితే గీజరు ఆయుష్షు పెరుగుతుంది.

ఫ్లోరైడు గురించి ఒక మాట. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నుంచి తరచూ వచ్చే అనుమానం ఇది: నీళ్లు కాగబెడితే ఫ్లోరైడు పోతుందా? పోదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది కూడా. ఆ నీళ్లతో స్నానం చేస్తే ఫ్లోరోసిస్ రాదు. అది వచ్చేది తాగడం వల్ల, వండుకోవడం వల్ల. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. ప్రపంచమంతా దాన్ని 'నల్గొండ టెక్నిక్' అనే పిలుస్తుంది. ఆఫ్రికాలో ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లింది. మన జిల్లా పేరు అలా ఊరూరా తిరగడం సంతోషించాలో బాధపడాలో తెలియదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. టీ తొందరగా అవుతుందని గీజరు నల్లా కింద గిన్నె పెట్టకండి. స్నానం నీళ్లు స్నానానికే.

రెండు వందల యూనిట్ల గీత

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రోజుకు నాలుగు బకెట్లంటే 1.4 యూనిట్లు, నెలకు 42. ఇది ఏ గీజరైనా తప్పదు. స్టోరేజి గీజరును స్విచ్చి ఆపకుండా రాత్రింబవళ్లు వదిలేస్తే మాత్రం అది చల్లారుతూ, మళ్లీ కాగుతూ ఉంటుంది. పదిహేను లీటర్ల డబ్బా ఇలా ఉత్తినే పోగొట్టేది రోజుకు ఇంచుమించు అర యూనిట్ నుంచి యూనిట్ దాకా ఉంటుంది. స్టోరేజి గీజరు మీది స్టార్లు చెప్పేది దీని గురించే. ఎక్కువ స్టార్లంటే నీళ్లు తొందరగా కాగుతాయని కాదు, కాగిన వేడిని బాగా దాచుకుంటుందని.

మన రాష్ట్రంలో 2024 నుంచి గృహజ్యోతి వచ్చింది. అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. గీత దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలి. ఇప్పుడు లెక్క చూడండి. మీ ఇంట్లో మామూలుగా 150 యూనిట్లు కాలుతుంటే గీజరు స్నానాలతో 192. గీత లోపలే ఉన్నారు. స్విచ్చి ఆపడం మరిచిపోయే అలవాటుతో మరో 20 కలిస్తే 212. బిల్లు వెయ్యికి పైమాటే. కాబట్టి స్నానానికి అరగంట ముందు వేయండి, నీళ్లు పట్టుకోగానే ఆపండి. ఇంట్లో అందరూ ఒకరి వెంట ఒకరు స్నానం చేసేస్తే ఇంకా ఆదా. ఉదయం ఒకరు, పదింటికి ఒకరు, సాయంత్రం ఒకరు అనుకునే ఇంటికైతే ఇన్‌స్టంటే పొదుపు. దానికి దాచుకునే గొడవే లేదు.

గ్యాసు, ఎండ సంగతేమిటి?

గీజర్ అన్న మాట ఐస్‌లాండ్‌లోని 'గేసిర్' అనే వేడినీటి ఊట పేరు నుంచి వచ్చింది. ఆ పేరుతో నీళ్లు కాచే యంత్రాన్ని 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాఘన్ తయారుచేశాడు. అది డబ్బా లేని ఇన్‌స్టంటే, గ్యాసుతో నడిచేది. నీళ్లు దాచే ఆటోమేటిక్ డబ్బా గీజరును నార్వే నుంచి అమెరికా వెళ్లిన ఎడ్విన్ రూడ్ 1889లో తెచ్చాడు. అంటే మనం కొత్తదనుకునేది పాతది, పాతదనుకునేది దాని తర్వాతది. మాఘన్ యంత్రానికి ఒకటే పెద్ద లోపం, పొగగొట్టం లేదు. కాలిన గ్యాసంతా గదిలోకే వచ్చేది.

నూటయాభై ఏళ్లు దాటినా ఆ లోపం మన స్నానాలగదుల్లో ఇంకా బతికే ఉంది. గ్యాసు గీజరు నిమిషానికి ఆరు లీటర్ల దాకా ఇస్తుంది, కరెంటుతో పనిలేదు. ఒక బకెట్టుకు 35 గ్రాముల గ్యాసు చాలు. ఒక సిలిండరు దాదాపు నాలుగు వందల బకెట్లకు వస్తుంది. కానీ కిటికీ మూసిన చిన్న గదిలో అది మండితే గాలి చాలక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. స్నానానికి వెళ్లినవాళ్లు స్పృహతప్పి అక్కడే ప్రాణాలు విడిచిన వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. గ్యాసు గీజరు పెట్టుకోవాలంటే స్నానాలగది బయట, గాలి ఆడే చోట పెట్టి, నీళ్ల పైపు మాత్రం లోపలికి తెచ్చుకోవాలి. అలా కుదరకపోతే వద్దనే వద్దు.

ఎండ మన పాలమూరుకు, నల్గొండకు కొదవ లేదు. సొంత డాబా ఉండి, నలుగురైదుగురు ఉన్న ఇంటికి సోలార్ హీటరు మంచిదే. అయితే దానికీ బోరు నీళ్లతో పేచీయే, గాజుగొట్టాల్లో సున్నం పడుతుంది. కఠినజలమైతే వేడిమార్పిడి గొట్టం వేరుగా ఉన్న రకాన్ని అడగాలి. దానికి ఖరీదు ఎక్కువ. ముసురు పట్టిన రోజులకు కరెంటు కడ్డీ కూడా ఉండాలి.

ప్రాణం కాపాడే పనులు

గీజరు ఏదైనా ఐఎస్‌ఐ గుర్తు చూసి కొనండి. స్టోరేజికి ఐఎస్ 2082, ఇన్‌స్టంట్‌కు ఐఎస్ 8978, రాడ్డుకు ఐఎస్ 368. మూడు కిలోవాట్లంటే 13 ఆంపియర్ల కరెంటు. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, మీటరు నుంచి వేరే లైను ఉండాలి. ఇంటి మెయిన్‌లో 30 మిల్లీఆంపియర్లకే ట్రిప్పయ్యే లీకేజి బ్రేకరు పెట్టించండి. మనిషికి షాకు కొట్టీకొట్టకముందే కరెంటు ఆగిపోతుంది. అమ్మ వేలు పెట్టిన రోజున మా ఇంట్లో లేనిది అదే.

ఎర్తింగు గుంత సంగతి మన వైపు మరీ ముఖ్యం. మన ఎర్రనేల, దాని కింద రాయి. వేసవిలో నేల ఎండిపోతే ఎర్తు పేరుకే ఉంటుంది. బొగ్గు, ఉప్పు నింపిన ఆ గుంతలో ఎండాకాలమంతా వారానికోసారి నాలుగు చెంబుల నీళ్లు పోయండి. ఇంతకన్నా చవకైన బీమా లేదు.

డబ్బా గీజరుకుండే సేఫ్టీ వాల్వు నుంచి కాగేటప్పుడు నాలుగు చుక్కలు కారితే కారనివ్వండి. చుక్కలు పడుతున్నాయని బిరడా బిగించిన మెకానిక్కును మళ్లీ ఇంటికి రానివ్వకండి. వేడినీళ్లకు మామూలు ప్లాస్టిక్ పైపు పనికిరాదు, సీపీవీసీ వేయాలి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్చి వేయకండి. థర్మోస్టాటు 50–55 దగ్గర పెట్టి, వారానికోసారి 60 దాకా కాగనివ్వండి. అరవై డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లలో ఒళ్లు కాలుస్తాయి, పసివాళ్లకు అంతకన్నా ముందే. అందుకే బకెట్టులో ముందు చన్నీళ్లు, తర్వాత ఉడుకునీళ్లు. పసిబిడ్డకు, బాలింతకు పోసేముందు మోచేయి ముంచి చూడండి.

ఇక రాడ్డు తప్పదంటే ఒక్క నియమం. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, రాడ్డు బయటికి తీశాకే నీళ్లు ముట్టుకోవాలి. ఇంట్లో పిల్లలు, మతిమరుపున్న పెద్దలు ఉంటే రాడ్డే వద్దు.

తీర్పు

ఒకరిద్దరే ఉండి, వోల్టేజి బాగుండి, నల్లా నీళ్లు వచ్చే ఇంటికి, వంటగది సింకుకు ఇన్‌స్టంట్. నలుగురు వరసగా స్నానం చేసే ఇంటికి, వోల్టేజి పడిపోయే ఊరికి, బోరే దిక్కైన చోటికి స్టోరేజి. నలుగురికి పదిహేను లీటర్లది చాలు, ఆరుగురైతే ఇరవై అయిదు. అన్న మేడ మీది ఇన్‌స్టంట్‌ను తీసేయనక్కర్లేదు. మామూలు రోజుల్లో అతనికీ వదినకూ అదే సరిపోతుంది. బావ ఇరవై అయిదు లీటర్లదీ ఆయన ఇంటికి తగినదే. కొట్లాట ఉత్తదే.

కింద అమ్మ స్నానాలగదిలో పదిహేను లీటర్ల స్టోరేజి పెట్టించాం. నల్లా నీళ్ల ట్యాంకుకు కలిపాం. స్విచ్చి గది బయట, ఆమె చేతికి అందే ఎత్తులో, ఎర్రదీపంతో. లీకేజి బ్రేకరు మొత్తం ఇంటికి వేయించాం. రాడ్డును మళ్లీ ఎవరూ వాడకుండా అన్న వైరు కత్తిరించి మరీ పారేశాడు. మొదటిరోజు అమ్మ స్నానం చేసి బయటికొచ్చి, 'బాగనే కాగినయ్ గని, ఎంతయింది బిడ్డా?' అని అడిగింది. చెప్పలేదు. చెబితే వాపసు ఇచ్చి రమ్మంటుంది.

మొన్న ఫోన్ చేస్తే చింతపండు పెట్టి కాగు తోముతున్నానంది. 'గీజరుంది గదమ్మా, ఇంకెందుకది?' అన్నాను.

'దీపావళికి మీరు పదకొండు మంది రారా ఏంది?' అంది.